ఓవెన్ కోయిల్: ఊరూరా ఆడిన స్ట్రైకర్, జంషెడ్‌పూర్‌కి షీల్డ్ తెచ్చిన కోచ్

తొమ్మిదో_నంబర్ (హైదరాబాద్), రాత్రి 9:12

చాలా రోజుల నుంచి రాద్దామనుకుంటున్న పోస్ట్ ఇది. ఆదివారాలు మా కాలనీ పక్క గ్రౌండ్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. అందులో పద్నాలుగేళ్ల అబ్బాయి ఒకడు, స్ట్రైకర్. ఒక అకాడమీ సెలక్షన్స్‌లో వాడిని రెండోసారి తీసేశారు. పోయిన వారం షూస్ సంచిలో పెట్టుకుంటూ "ఇక రాను సార్" అన్నాడు. అలాంటి పిల్లాడికి మెస్సీ కథ చెప్పి లాభం లేదు. మెస్సీని పదమూడేళ్లకే బార్సిలోనా తీసుకెళ్లింది. అందుకే ఓవెన్ కోయిల్ గురించి చెప్పాను.

మనలో చాలామందికి ఆయన ఐఎస్‌ఎల్ (మన దేశపు ఫుట్‌బాల్ లీగ్, ఇండియన్ సూపర్ లీగ్) కోచ్‌గానే తెలుసు. చెన్నైయిన్, జంషెడ్‌పూర్, మళ్లీ చెన్నైయిన్. ఇంగ్లండ్ చలిలో కూడా నిక్కరు వేసుకుని టచ్‌లైన్ దగ్గర నిలబడిన మనిషి. కానీ అంతకుముందు ఇరవై ఏళ్ల పాటు ఆయన పని గోల్స్ కొట్టడం. 1966లో స్కాట్లాండ్‌లోని పైస్లీలో పుట్టాడు. డంబార్టన్‌లో మొదలుపెట్టి క్లైడ్‌బ్యాంక్, ఎయిర్‌డ్రీ, ఇంగ్లండ్‌లో బోల్టన్, తిరిగి వచ్చి డండీ యునైటెడ్, మదర్‌వెల్, డన్‌ఫర్మ్‌లిన్, రాస్ కౌంటీ, ఫాల్‌కిర్క్. సెల్టిక్, రేంజర్స్ లాంటి పెద్ద ఇంటి గడప తొక్కలేదు. కుటుంబం మూలాలు డొనెగల్‌లో ఉండటంతో ఐర్లండ్ తరఫున ఆడే అవకాశం వచ్చింది. ఆడింది ఒక్క మ్యాచ్. 1994 ఏప్రిల్‌లో, నెదర్లాండ్స్ మీద, సబ్‌స్టిట్యూట్‌గా. రెండు నెలల్లో వరల్డ్ కప్ వచ్చింది, ఆ జట్టులో ఆయన లేడు.

నేను అడగాలనుకున్నది ఇదీ. ఇన్ని ఊళ్లు తిరిగిన స్ట్రైకర్ కోచ్‌గా ఎందుకు అంత బాగా పనికొచ్చాడు? కోచ్ అయ్యాక కూడా ఒక చోట ఎందుకు నిలవలేదు?

బోల్టన్_రోజులు (కరీంనగర్), రాత్రి 9:40

అన్నా, ఈ పేరు చూడగానే నిద్ర ఎగిరిపోయింది. 2010లో చదువు కోసం వెళ్లి బోల్టన్‌లో ఏడాదిన్నర ఉన్నాను. మా ఇంటి ఓనర్ రిటైరైన బస్సు డ్రైవర్. నేను చేరిన మొదటి వారంలోనే కూర్చోబెట్టి ఒక పాత మ్యాచ్ చూపించాడు. 1995 ప్లేఆఫ్ ఫైనల్, వెంబ్లీలో, బోల్టన్‌కీ రెడింగ్‌కీ. గెలిచినవాళ్లు ఇంగ్లండ్ టాప్ లీగైన ప్రీమియర్ లీగ్‌కి వెళ్తారు.

పన్నెండు నిమిషాల్లోనే రెడింగ్ రెండు గోల్స్ కొట్టేసింది. మూడోదానికి పెనాల్టీ కూడా వచ్చింది. కీపర్ బ్రానగన్ ఆపాడు. ఆ పెనాల్టీ పడి ఉంటే మ్యాచ్ అక్కడితో ఐపోయేది. 75వ నిమిషంలో బోల్టన్‌కి మొదటి గోల్ వచ్చింది. తలతో కొట్టింది కోయిల్. తర్వాత డి ఫ్రీటాస్ సమం చేశాడు, ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-3తో గెలిచారు. మా ఓనర్ నాలుగో గోల్ దగ్గర కాదు, కోయిల్ గోల్ దగ్గర ఆపి మళ్లీ వేసేవాడు. మొదటిది పడకపోతే మిగతావి ఎక్కడివి అనేవాడు.

నేనున్నప్పుడు అదే కోయిల్ బోల్టన్ కోచ్. ఆ ఊళ్లో ఆయన్ని ఇంటి మనిషిలాగే చూసేవాళ్లు. ప్రాక్టీస్‌లో తనే బూట్లు వేసుకుని కుర్రాళ్లతో ఆడేవాడు. 2011 జనవరిలో చెల్సీ నుంచి స్టరిడ్జ్‌ని లోన్‌కి, అంటే కొన్ని నెలల కోసం అరువుగా, తెచ్చుకున్నాడు, ఆ కుర్రాడు 12 లీగ్ మ్యాచ్‌ల్లో 8 గోల్స్ కొట్టాడు. అంతకు ఏడాది ముందు ఆర్సెనల్ నుంచి విల్‌షియర్‌ని అలాగే తెచ్చాడు. వాళ్లకి కావలసింది ఆడే అవకాశం. బెంచీ మీద కూర్చుంటే ఎలా ఉంటుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

గచ్చిబౌలి_గ్యాలరీ (హైదరాబాద్), రాత్రి 10:05

నేను ఒప్పుకోను. బాధగా ఉన్నా చెప్పాలి.

బర్న్‌లీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? బోల్టన్‌కి ముందు, 2007 నవంబర్‌లో అక్కడికి కోచ్‌గా వెళ్లాడు. 2009 మేలో వెంబ్లీలో షెఫీల్డ్ యునైటెడ్‌ని 1-0తో ఓడించి ప్రీమియర్ లీగ్‌కి తీసుకెళ్లాడు. వేడ్ ఎలియట్ గోల్. 1976 తర్వాత మొదటిసారి ఆ ఊరు టాప్ డివిజన్‌లో అడుగుపెట్టింది. ఆగస్టులో సొంత గ్రౌండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌నే 1-0తో కొట్టారు, రాబీ బ్లేక్ వాలీ. ముప్పై మూడేళ్లు ఎదురుచూసిన జనానికి అది ఎలాంటి రాత్రో ఊహించుకోండి.

నాలుగు నెలలు గడిచాయి. 2010 జనవరిలో, సీజన్ మధ్యలో, అదే లీగ్‌లో వాళ్ల కింద ఉన్న పక్క ఊరి బోల్టన్‌కి వెళ్లిపోయాడు. తన స్టాఫ్‌ని కూడా తీసుకెళ్లాడు. సీజన్ చివరికి బర్న్‌లీ కింది లీగ్‌కి దిగిపోయింది, బోల్టన్ నిలబడింది. అప్పటిదాకా మోజెస్ (బైబిల్లో జనాన్ని నడిపించినవాడు) అని పిలిచిన అభిమానులే జూడాస్ (ద్రోహి) అన్నారు. వాళ్లని తప్పు పట్టలేను.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ కోచ్‌గా చేసిన మనోలో మార్క్వెజ్‌ని చూడండి. 2020లో వచ్చాడు, మొదటి సీజన్ ఐదో స్థానం. రెండో సీజన్లో ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లతో, ఓగ్‌బెచే 18 గోల్స్‌తో కప్పు తెచ్చాడు. కట్టడం అంటే అదీ.

జంషెడ్‌పూర్_తెలుగు (జంషెడ్‌పూర్), రాత్రి 10:31

నమస్తే అందరికీ. మా తాత స్టీల్ ప్లాంట్‌లో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మేం మూడో తరం. ఇంట్లో తెలుగే.

గ్యాలరీ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మాకు ఆయన ఇచ్చింది కూడా చెప్పనివ్వండి. 2020లో కోయిల్ వచ్చినప్పుడు జంషెడ్‌పూర్ ఒక్కసారి కూడా టాప్ ఫోర్ చూడలేదు. మొదటి సీజన్ ఆరో స్థానం. రెండో సీజన్లో, అదే 2021-22లో, 20 మ్యాచ్‌ల్లో 43 పాయింట్లు. అప్పటికి లీగ్ రికార్డు. చివర్లో వరసగా ఏడు మ్యాచ్‌లు గెలిచారు. మీ హైదరాబాద్ 38తో రెండో స్థానం.

జనవరిలో వాల్స్‌కిస్ వెళ్లిపోయాడు. ముందు సీజన్ల నుంచి ఆయన నమ్ముకున్న స్ట్రైకర్. ఇక అయిపోయింది అనుకున్నాం. అప్పుడు ఈస్ట్ బెంగాల్‌లో ఇబ్బంది పడుతున్న చీమా చుక్వూని తెచ్చుకున్నాడు. అక్కడ విమర్శలు తప్ప ఏమీ దక్కని మనిషి ఇక్కడికి రాగానే గోల్స్ మొదలుపెట్టాడు. ఇది బోర్డు మీద గీతలు గీస్తే వచ్చేది కాదు. క్లబ్ మారిన స్ట్రైకర్‌కి మొదటి వారంలో ఏం కావాలో తెలిసినవాడే చేయగలడు. ఇషాన్ పండితా సంగతీ అంతే. ఆఖరి పది నిమిషాలకు దించేవాడు, గోల్ కొట్టి వచ్చేవాడు.

ఆ సీజన్ అంతా కోవిడ్ వల్ల గోవాలో జరిగింది. షీల్డ్ గెలిచిన రాత్రి మా ఊళ్లో జేఆర్‌డీ స్టేడియం చీకటిగా ఉంది. మేం నలభై మందిమి ఒక హాల్లో ప్రొజెక్టర్ పెట్టుకుని చూశాం. మా నాన్న ఏడవడం నేను చూసింది రెండుసార్లే, అందులో అది ఒకటి.

సైబర్_సిటీ_స్వీపర్ (బెంగళూరు), రాత్రి 10:44

చిన్న డౌట్. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచింది హైదరాబాద్ కదా? మరి షీల్డ్ ఏమిటి?

జంషెడ్‌పూర్_తెలుగు, రాత్రి 10:50

లీగ్ పట్టికలో మొదటి స్థానంలో ఉన్నవాళ్లకి షీల్డ్. తర్వాత, ఆ సీజన్లో, మొదటి నాలుగు జట్లకు సెమీస్, ఫైనల్. ఆ ఫైనల్ గెలిస్తే కప్పు. మేం సెమీస్‌లో కేరళ చేతిలో మొత్తం 2-1తో ఓడిపోయాం. ఫైనల్లో హైదరాబాద్ అదే కేరళని పెనాల్టీలలో కొట్టింది. హైదరాబాద్ కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. షీల్డ్ ఇరవై మ్యాచ్‌ల పంట, కప్పు ఒక వారం పరీక్ష. నాకు షీల్డే పెద్దది.

గచ్చిబౌలి_గ్యాలరీ, రాత్రి 11:02

కట్టిమణి పేరు చదివి గుండె బరువెక్కింది. ఆ జట్టు ఇప్పుడు మన ఊళ్లో లేదు, ఢిల్లీకి వెళ్లిపోయింది. సీజన్ టికెట్ కార్డు ఇంకా నా పర్సులోనే ఉంది. వదిలి వెళ్లినవాళ్ల మీద నాకు కోపం ఎక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం కావచ్చు.

కానీ ఒక మాట. 2022 మార్చిలో షీల్డ్ గెలిచారు. అదే నెలలో స్కాట్లాండ్‌లోని క్వీన్స్ పార్క్ కోచ్‌గా ఆయన పేరు ప్రకటించారు. మీకు కోపం రాలేదా?

జంషెడ్‌పూర్_తెలుగు, రాత్రి 11:10

వచ్చింది. కానీ రెండేళ్లు ఆ మనిషి గోవా హోటల్ గదుల్లో, బయటికి వెళ్లనివ్వని కోవిడ్ బబుల్లో, కుటుంబానికి దూరంగా బతికాడు. పోతానంటే ఆపే హక్కు మాకు లేదనిపించింది. తర్వాతి సీజన్ మేం పదో స్థానంలో ఉన్నాం. అప్పుడు మాత్రం చాలా బాధపడ్డాం.

వైజాగ్_వింగర్ (విశాఖపట్నం), రాత్రి 11:25

ఒక గంట నుంచి ఈయన మ్యాచ్‌ల వివరాలు చదువుతూ కూర్చున్నాను. ఒక విషయం కనిపించింది, మీరెవరూ అనలేదు. ఈ మనిషి జీవితం ఎప్పుడూ ఆఖరి రోజు మీదే వేలాడింది.

2003. ఫాల్‌కిర్క్. ముప్పై ఆరేళ్ల వయసులో గోల్స్ కొడుతూనే, సీజన్ మధ్యలో కోచ్ వెళ్లిపోతే జాన్ హ్యూస్‌తో కలిసి కోచ్ బాధ్యత కూడా తీసుకున్నాడు. లీగ్ గెలిచారు. కానీ పైకి పోలేదు! వాళ్ల పాత బ్రాక్‌విల్ గ్రౌండ్ పై లీగ్ నిబంధనలకు సరిపోలేదని ప్రమోషన్ ఇవ్వలేదు. దాంతో ఆఖరి స్థానంలో ఉన్న మదర్‌వెల్ దిగకుండా బతికిపోయింది. ఒకప్పుడు కోయిల్ ఆడిన మదర్‌వెలే.

2007. స్కాట్లాండ్‌లోనే సెయింట్ జాన్‌స్టన్ కోచ్. ఆఖరి రోజు హామిల్టన్‌లో 4-3తో గెలిచారు. గ్రెట్నా అనే చిన్న ఊరి జట్టు గెలవకపోతే వీళ్లే చాంపియన్లు. రాస్ కౌంటీలో గ్రెట్నా మ్యాచ్ 2-2గా ఉంది. వీళ్ల మ్యాచ్ ముగిసింది, సంబరాలు మొదలయ్యాయి. అక్కడ ఇంజురీ టైమ్‌లో గ్రెట్నా ఆటగాడు గ్రేడీ గోల్ కొట్టాడు. అయిపోయింది. గ్రౌండ్ మధ్యలో ఆగిపోయిన ఆ సంబరం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

2012. బోల్టన్. అందరికీ ఆ సీజన్ ఆఖరి రోజు మాంచెస్టర్ సిటీకి టైటిల్ తెచ్చిన అగ్వేరో గోల్ గుర్తు. మాంచెస్టర్ సిటీ 3, క్యూపీఆర్ 2. కానీ అదే గంటలో స్టోక్‌లో బోల్టన్ ఆడుతోంది. గెలిస్తే 38 పాయింట్లు, క్యూపీఆర్ 37తో కింది లీగ్‌కి. 2-1తో ముందున్నారు. 77వ నిమిషంలో స్టోక్‌కి పెనాల్టీ, వాల్టర్స్ కొట్టాడు, 2-2. బోల్టన్ 36 పాయింట్లతో దిగిపోయింది. తను స్ట్రైకర్‌గా ప్రీమియర్ లీగ్‌కి ఎక్కించిన క్లబ్, తను కోచ్‌గా ఉండగా దిగిపోయింది.

2023. క్వీన్స్ పార్క్. ఆఖరి మ్యాచ్ డండీతో, గెలిస్తే టైటిల్. 5-3తో ఓడిపోయారు.

ఇన్నిటి మధ్య 2022 మార్చి 7. ఆఖరి మ్యాచ్, ఏటీకే మోహన్ బగాన్‌తో. వాళ్లు రెండు గోల్స్ తేడాతో గెలిస్తే షీల్డ్ వాళ్లది. రిత్విక్ దాస్ గోల్, 1-0, షీల్డ్ జంషెడ్‌పూర్‌ది. కోచ్‌గా ఆఖరి రోజు లీగ్ పట్టిక ఆయన పక్కన నిలబడటం నాకు దొరికింది ఈ ఒక్కసారే.

జంషెడ్‌పూర్_తెలుగు, రాత్రి 11:33

వింగర్ గారూ, ఇది చదివి లేచి నిలబడ్డాను. ఆ రాత్రి విజిల్ మోగగానే ఆయన పరుగెత్తిన తీరు అప్పుడు నాకు వింతగా అనిపించింది, ఇంత అనుభవం ఉన్న మనిషి ఇలా పరుగెడతాడా అని. ఇప్పుడు అర్థమైంది.

ఫిజియో_విజయవాడ, రాత్రి 11:50

వింగర్ గారు 2012 ఆఖరి రోజు రాశారు. ఆ సీజన్ గురించి రాస్తే మార్చి 17 వదలకూడదు. నా వృత్తి వల్ల ఆ రోజుని నేను మర్చిపోలేను.

టాటెన్‌హామ్‌లో ఎఫ్ఏ కప్ మ్యాచ్. బోల్టన్ మిడ్‌ఫీల్డర్ ఫాబ్రిస్ మువాంబా, 23 ఏళ్లు, ఎవరూ తగలకుండానే పడిపోయాడు. గుండె ఆగిపోయింది. రెండు జట్ల వైద్య సిబ్బంది గ్రౌండ్‌లోనే సీపీఆర్ (ఛాతీని నొక్కుతూ రక్తప్రసరణ ఆగకుండా చూడటం) మొదలుపెట్టారు, షాక్ ఇచ్చారు. ప్రేక్షకుల్లో ఉన్న ఒక కార్డియాలజిస్ట్ స్టాండ్స్ దిగి వచ్చి సాయం చేశారు. 78 నిమిషాల పాటు గుండె తనంతట తాను కొట్టుకోలేదు. అయినా బతికాడు. గ్రౌండ్‌లో ఉన్నవాళ్లు క్షణం ఆలస్యం చేయకపోవడమే అందుకు కారణం.

మ్యాచ్ అక్కడితో రద్దు. కోయిల్ ఆ రాత్రి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తర్వాతి రోజుల్లో బయటికి వచ్చి మాట్లాడింది, కుటుంబం పక్కన నిలబడింది, డ్రెస్సింగ్ రూమ్‌లో కుర్రాళ్లని పట్టుకున్నదీ ఆయనే. వారం తర్వాత బ్లాక్‌బర్న్‌తో మ్యాచ్ ఆడి 2-1తో గెలిచారు. అలాంటి సీజన్లో ఒక్క పాయింట్ తేడాతో దిగిపోయినందుకు ఆయన్ని ఫెయిల్యూర్ అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

తొమ్మిదో నంబర్ గారూ, మీ గ్రౌండ్‌లో ఆడే పిల్లల తల్లిదండ్రుల్లో ఇద్దరికైనా సీపీఆర్ నేర్పించండి. ఇది అడగడానికే లాగిన్ అయ్యాను.

తొమ్మిదో_నంబర్, అర్ధరాత్రి 12:04

మేడమ్, తప్పకుండా. ఈ నెలలోనే పెట్టిస్తాను. మీరు ఏదైనా శిక్షణ గురించి చెప్పగలిగితే మెసేజ్ చేయండి.

గచ్చిబౌలి_గ్యాలరీ, అర్ధరాత్రి 12:15

మేడమ్ రాసింది చదివాక బోల్టన్ దిగిపోయినందుకు ఆయన్ని తప్పు పట్టను. కానీ తర్వాతవి కూడా చూడాలి. విగన్‌లో 2013 జూన్ నుంచి డిసెంబర్ వరకు, ఆరు నెలలు. అమెరికాలో హూస్టన్‌లో ఏడాదిన్నర, ప్లేఆఫ్ లేదు. బ్లాక్‌బర్న్‌లో సీజన్ పూర్తి కాకుండానే పంపేశారు, ఆ జట్టు దిగిపోయింది. రాస్ కౌంటీ కూడా దిగిపోయింది. చెన్నైయిన్‌లో రెండోసారి వచ్చినప్పుడు మొదటి సీజన్ ఆరో స్థానం, తర్వాతి సీజన్ పదకొండు.

నాకు తోచింది చెబుతున్నాను, తప్పైతే దిద్దండి. నీరసించిన జట్టుని లేపడం ఆయనకు వచ్చు. 2019 డిసెంబర్‌లో ఆయన మొదటిసారి వచ్చేసరికి చెన్నైయిన్ ఆరు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి పట్టిక కింది భాగంలో ఉంది. అక్కడి నుంచి ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. సెమీస్‌లో గోవాని మొత్తం 6-5తో దాటారు. అలాంటి మ్యాచ్‌లు ఎప్పుడో గానీ చూడం. ఫైనల్లో ఏటీకేతో 3-1 ఓటమి, అదీ ఖాళీ స్టేడియంలో. కానీ ఆ ఉత్సాహం రెండేళ్లు దాటి నిలబడాలంటే కింద పునాది ఉండాలి. ఆ పని ఆయన ఎక్కడా పూర్తిగా చేయలేదు. స్ట్రైకర్ బుర్ర అది. ఇప్పుడు, ఈ బంతి, ఈ గోల్.

లాల్‌బహదూర్_స్టేడియం (హైదరాబాద్), ఉదయం 6:20

పిల్లలూ, రాత్రి నేను పడుకున్నాక చాలా మంచి చర్చ జరిగింది. నాకు డెబ్బై దాటాయి. ఒక మాట కలుపుతాను.

స్ట్రైకర్ పునాది వేయలేడు అన్న మాట నేను ఒప్పుకోను బాబూ గ్యాలరీ. మన ఊరి షబ్బీర్ అలీ స్ట్రైకరే. 1974లో బ్యాంకాక్‌లో ఏషియన్ యూత్ టైటిల్‌ని ఇరాన్‌తో కలిసి పంచుకున్న మన జట్టుకి కెప్టెన్. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. తర్వాత కోచ్‌గా 1998-99లో గోవా సాల్గావ్‌కర్‌కి నేషనల్ లీగ్ గెలిపించాడు. ఇప్పుడు మన కుర్రాళ్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? వీడియోలు లేవు, అంతే.

కోచ్ రహీం సాబ్ సంగతి మీకు తెలుసు, బడి పంతులు. హైదరాబాద్ పోలీస్ జట్టుని, 1951లో, 1962లో ఏషియాడ్ బంగారం తెచ్చిన దేశం జట్టుని తయారు చేశాడు. ఆయనకి ఏళ్లు ఇచ్చారు. కోయిల్‌కి ఎవరిచ్చారు? ఈ రోజుల్లో ఐదు మ్యాచ్‌లు ఓడితే కోచ్ సామాను సర్దుకోవాలి. పునాది వేయలేదని అడిగే ముందు, ఇంటి స్థలం ఎవరి పేరు మీద ఉందో కూడా అడగాలి కదా.

గచ్చిబౌలి_గ్యాలరీ, ఉదయం 7:05

సార్, మీరు చెప్పింది సబబే. కానీ బర్న్‌లీలో ఎవరూ పంపలేదు, తనే వెళ్లాడు. ఆ ఒక్కటి మాత్రం నేను వదలలేను.

బోల్టన్_రోజులు, ఉదయం 7:30

అది నిజం, గ్యాలరీ బ్రదర్. మా ఓనర్ కూడా అదే అనేవాడు. మాకు వచ్చాడు కాబట్టి సంతోషించాం, మా దగ్గర్నుంచి అలా వెళ్లి ఉంటే మేమూ తిట్టేవాళ్లం అని.

తొమ్మిదో_నంబర్, ఉదయం 8:10

అందరికీ థాంక్స్. నేను మొదట అడిగిన రెండో ప్రశ్నకి పెద్దాయనదీ గ్యాలరీదీ రెండూ పక్కపక్కనే పెట్టుకుంటాను.

మొదటి ప్రశ్నకి మాత్రం నాకు దొరికింది జంషెడ్‌పూర్ అన్న రాసిన చీమా కథ. ఒక చోట పనికిరాడన్న స్ట్రైకర్‌ని తీసుకుని, మొదటి వారంలోనే నమ్మకంతో దించడం. నేను ఆ పిల్లాడిని పోయిన నెల రెండు మ్యాచ్‌ల్లో బెంచీ మీదే కూర్చోబెట్టాను. పొడుగు కుర్రాళ్లు ఉన్నారని. సెలక్షన్స్‌లో తీసేసినవాళ్ల కంటే ముందు నేను తీసేశానేమో. ఈ ఆదివారం పక్క కాలనీతో మ్యాచ్ ఉంది. వాడినే మొదటి నిమిషం నుంచి ఆడిస్తాను. పొద్దున్నే వాళ్ల ఇంటికెళ్లి అమ్మతో మాట్లాడి వచ్చాను. పంపిస్తానంది.

బోల్టన్ తమ్ముడూ, ఆ 1995 గోల్ వీడియో లింక్ ఉంటే పంపు, పిల్లలకి చూపిస్తాను.

జంషెడ్‌పూర్_తెలుగు, ఉదయం 8:22

రిత్విక్ గోల్ కూడా చూపించండి. లింక్ నేను పంపుతాను.

గచ్చిబౌలి_గ్యాలరీ, ఉదయం 8:40

గ్రౌండ్ ఎక్కడన్నా? నేనూ వస్తాను. ఇప్పుడు వెళ్లి చూడటానికి ఐఎస్‌ఎల్‌లో మనకంటూ జట్టు లేదు. కోన్స్, బిబ్స్ నా దగ్గర ఒక సెట్ ఉన్నాయి, వాడట్లేదు.

తొమ్మిదో_నంబర్, ఉదయం 8:52

లొకేషన్ మెసేజ్ చేశాను. ఆరింటికి మొదలు. బంతులు నేను తెస్తాను, కోన్స్ నువ్వు తీసుకురా.